ఆనుకొనుట

హైదరాబాదునుండి ముంబయికి పోవు రాజమార్గమున, పటాన్‌చెరు గడచి సంగారెడ్డిని సమీపించుచుండగా, కంది యను గ్రామము వచ్చును. ఐ.ఐ.టి. విద్యాపీఠపు ఉన్నతసౌధములు, కారాగారపు గోడలు, తెల్లవాఱుఝామున మొదటి షిఫ్టుకై టిఫిను డబ్బాలు చేతబట్టి కంపెనీ బస్సులకు ఎదురుచూచు జనము, ఇవియే నేటి కందికి గుర్తులు. అయినను ఆ పేరు వినబడినప్పుడెల్ల నాకు తలపునకు వచ్చునది కందిచెట్టు. అందులకు 1972లో పటాన్‌చెరున నెలకొల్పబడిన ఇక్రిశాట్ పరిశోధనసంస్థయు కొంత కారణము. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగ మొదలగు మెట్టపైరులతోపాటు కందిని గూర్చియు అచ్చట దశాబ్దములుగా శాస్త్రజ్ఞులు శ్రమించుచున్నారు. జొన్నలో అంతరపంటగా వేసిన కంది తొలి మాసములలో ప్రక్కపైరుకంటె పొట్టిగా, ఎదుగుబొదుగు లేనిదానివలె కనబడును. ఆ దినములలో అది వేరును లోతునకు దింపుకొనుచుండును. జొన్నకోతలు ముగిసి, వానలు వెనుకకు తగ్గి, నేల బీటలువాఱిన పిమ్మట ఆ బోసిచేనిలో పచ్చగా నిలిచి పసుపుపూవులు పూచునది ఈ కందియే.

బైబిలులో యిర్మీయా ప్రవక్త, దైవమును నమ్మినవానిని నీటియొద్ద నాటిన చెట్టుతో పోల్చుచు, దాని వేళ్లు తడిని వెదకికొని పోవును గనుక ఎండకు దానికి బెదురు లేదనెను. ఎండ రాదని మాత్రము ఆయన చెప్పలేదు. అనావృష్టి వచ్చి తీరునని లెక్కలో ఉంచుకొనియే ఆ పోలిక తెచ్చెను. క్రైస్తవుడు కష్టకాలమున దేవుని బలముమీద ఆధారపడుట యననేమో తెలియగోరు అన్యమతస్థులు ముందుగా గమనింపవలసిన సంగతి ఇది. ఈ ప్రాంతపు సంఘములలో ఆదివారమున లేచి సాక్ష్యము చెప్పు కూలితల్లి, "దేవుడే నిలవెట్టిండు" అనునే గాని, కష్టమే రాలేదని యనదు.

అపొస్తలుడైన పౌలు తన శరీరమున ఒక ముల్లు కలదని కొరింథీయులకు వ్రాసికొనెను. అది నేత్రరోగమో, మఱియొక వ్యాధియో, శత్రువుల బాధయో, పండితులు పందొమ్మిది వందల యేండ్లుగా తర్కించుచునే యున్నారు. తెలియనిదగుటయే మేలైనది, ఎవరి ముల్లును వారు అందులో గుర్తుపట్టుకొనుచున్నారు. దానిని తీసివేయుమని పౌలు ముమ్మాఱు వేడుకొనెను. ముల్లు పోలేదు. దేవుని కృప చాలుననియు, మనుష్యుని బలహీనతయే దైవబలము వెల్లడియగు చోటనియు మాత్రము సమాధానము వచ్చెను. ముల్లును పోలేదు, పౌలు ప్రయాణమును ఆగలేదు. తెలుగు క్రైస్తవులు ఈ భావమును చెప్పుటకు "ఆనుకొనుట" యను చక్కని మాటను వాడుదురు. గోడకు ఆనుకొనినవాడు పరుండినవాడు కాడు. వాని పాదములు నేలమీదనే యుండును, వాని బరువులో కొంత గోడ మోయుచుండును. ఈ భేదమును మఱచుటవలననే "అంతయు దేవుడే చూచుకొనును" అని చేతులు ముడుచుకొనువారు కొందఱును, వారిని చూచి విశ్వాసమే సోమరితనమని పరిహసించువారు కొందఱును బయలుదేరిరి.

ఏలీయా కథ దీనికి మఱింత దగ్గఱి వ్యాఖ్యానము. రాణి చంపజూచుచున్నదని విని అరణ్యమునకు పాఱిపోయి, బదరీవృక్షముక్రింద చావు కోరుకొనుచు నిద్రించిన ఆ ప్రవక్తయొద్దకు దూత వచ్చినప్పుడు ధర్మోపన్యాస మేమియు చేయలేదు. నిప్పులమీద కాల్చిన అప్పమును, పాత్రతో నీళ్లను చూపి, లేచి భుజింపుమనెను. ప్రవక్త తిని, త్రాగి, మరల నిద్రపోయెను. దూత రెండవ మాఱును లేపి తినిపించెను. బిడ్డ అలిగి పండుకొనిన రాత్రి తల్లి చేయు పని ఇంతకంటె వేఱుగా నుండునా?

ఇట్లు తిండి రూపమున వచ్చిన బలమునకు మన సీమలోనే రాతికట్టడమొకటి సాక్షిగా నిలిచియున్నది. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువఱకు సంగారెడ్డియే మెదకు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును ఎఱుగని తెలుగువాడుండడు. 1895లో నిజాము రాజ్యమునకు వచ్చి, తిరుమలగిరి దండులోని సైనికుల నడుమ కొంతకాలము పనిచేసి, పిదప మెదకు చేరిన వెస్లియను మిషనరి చార్లెస్ వాకర్ పాస్నెట్టుగారు 1914లో దీనికి ఉపక్రమించిరి. ప్రపంచయుద్ధము, క్షామము, వ్యాధులు ఒకదానివెంట నొకటి వచ్చిన కాలమది. చుట్టుపట్ల గ్రామములవారు రాళ్లు కొట్టి, మోసి, సున్నము నూరి, పనికి ప్రతిగా తిండి పొందిరి. గోపురము 175 అడుగులు. చార్మినారుకంటె ఎత్తు కారాదని నిజామువారు అడ్డుచెప్పిరని జనశ్రుతి యొకటి కలదు, జనశ్రుతికి అడ్డుచెప్పువారెవరు? లోపల అయిదువేలమంది పట్టుదురు. వన్నెగాజు కిటికీలలో క్రీస్తు జననమును, సిలువను, ఆరోహణమును చూచి యాత్రికులు మురియుదురు. నా చూపు మాత్రము కమానులమీదనే నిలుచును. మొనదేలిన కమానులో ఇరుప్రక్కల రాళ్లును ఒంటిగా నున్నచో పడిపోవునవియే. నడుమ రాయి కూర్చువఱకు క్రింద కొయ్యచట్రము వానిని మోయును. కూర్చినపిమ్మట పడబోవు రాయి పడబోవు రాతికి ఆనుకొని, తరములతరబడి నిలుచును. ఆకలిగొన్నవారి చేతులు ఎత్తిన రాళ్లవి. వారికి ఆ చట్రము ఏది యని యడిగినచో, సాయంకాలము కొంగున కట్టుకొనిపోయిన గింజలే యని చెప్పవలసియుండును.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును, రావలసినదే. కఱవులో తిండి పెట్టి మతమిచ్చుట విశ్వాసమగునా, బేరమగునా? ఈ ప్రశ్నకు నేనెఱిగిన ఉత్తరములలో ఘనమైనది ఒంగోలులో దొరకును. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీల్చి పిప్పిచేసిన మహాక్షామమున, అమెరికా బాప్టిస్టు మిషనరియగు జాన్ క్లౌగారు, పూర్వాశ్రమమున తాము నేర్చిన భూమి కొలతల విద్యను ఉపయోగమునకు తెచ్చి, బకింగుహాము కాలువలో కొంతభాగపు త్రవ్వకమును ప్రభుత్వమునొద్ద కాంట్రాక్టు తీసికొని, వేలమంది నిరుపేదలకు కూలి చూపించిరి. వారిలో పెక్కుఱు మాదిగలు. ఊరి బావినీరును ఊరి గౌరవమును ఎఱుగనివారు. బాప్తిస్మమిమ్మని వారు గుంపులుగా వచ్చిరి. కఱవుపని సాగినంతకాలము, పదునైదు మాసములు, ఆయన ఒక్కరికిని ఈయలేదు. కూలిడబ్బులకై వచ్చినవారు పని ముగియగానే తొలగిపోదురని ఎంచియే అట్లు చేసిరి. సహాయము ఆగిన పిమ్మటను జనము మరల వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమయ్యెను. ఆ సంఖ్య చరిత్ర గ్రంథములకెక్కినది. దానికంటె నాకు ఆ పదునైదు మాసముల నిరాకరణమే పెద్దదిగా తోచును. గింజలు నిండుకొనిన పిమ్మట మిగిలిన నమ్మిక యెంతయో కొలుచుటకు అంతకంటె మంచి కొలబద్ద లేదు.

నేటి పటాన్‌చెరు సీమలో కఱవునకు రూపు మాఱినది. అదనపు షిఫ్టు, కాంట్రాక్టు కూలి, రసాయనముల వాసన, చెఱువులలో చెడిన నీరు, ఇవి నేటి అనావృష్టులు. 2025 జూన్ 30న పాశమైలారములో, ఔషధములకు వలయు పదార్థములు చేయు ఒక కర్మాగారమున విస్ఫోటము సంభవించి నలువదిమందికి పైగా కార్మికులు మృతినొందిరి. వారిలో పెక్కుఱు పొట్ట చేతబట్టుకొని ఉత్తరదేశమునుండి వచ్చినవారు. ఇట్టి సమయమున "దేవుని చిత్తము" అని తొందరపడి పలుకు బోధకులమీద నాకు కోపము వచ్చును. యంత్రమును పరీక్షింపవలసినవాడు పరీక్షింపవలెను, తనిఖీ చేయవలసినవాడు చేయవలెను. మనుష్యుడు చేయవలసినదానిని దేవునిపై నెట్టుట ఆనుకొనుట కాదు. యోబు స్నేహితులు ఏడుదినములు నోరెత్తక అతనితో నేలమీద కూర్చుండినంతకాలము మంచి స్నేహితులై యుండిరి. వ్యాఖ్యానము మొదలుపెట్టిన తరువాతనే చెడిపోయిరి. శవము లేచిన యింటికి అన్నపుగిన్నెతో పోయి, పిల్లలకు పెట్టి, మాటలేక గోడనానుకొని కూర్చుండు సంఘపు స్త్రీలకు ఈ వేదాంతము ఎవరును బోధింపనక్కఱలేదు.

వారికి మఱియొక అలవాటు కలదు. దానిని పిడికెడు బియ్యమందురు. పూటపూటకు వంటకు కొలిచిన బియ్యమునుండి ఒక పిడికెడు తీసి వేఱొక డబ్బాలో వేసి, ఆదివారమున సంఘమునకు తెచ్చి యిత్తురు. అది లేనివారికిని, పరిచర్యకును పోవును. కొలత యెంత తగ్గినను పిడికెడు తగ్గనీయని గృహిణులు కలరు. కంది కూడలిలో బస్సు హారను వినబడుచుండగా, ఎసరు మరుగుచుండగా, చీకటిలో తడుముకొనుచు ఆ పిడికెడు తీసి డబ్బామూత పెట్టు చప్పుడు ఇరుగుపొరుగునకు వినబడదు. ఎసరులో పడిన బియ్యము తక్కినది.