ఒంటె ఇచ్చిన చిన్న యాంటీబాడీ

కువైట్ నగరం దాటి నైరుతి దిక్కుగా పోతుంటే మేడలు పలచబడి కంచెలు మొదలవుతాయి. అదే కబ్ద్. గొర్రెల దొడ్లు, గుర్రపుశాలలు, ఒంటెల మందలు, ఒంటె పందేల మైదానం, కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల క్షేత్రం, అన్నీ ఆ ఇసుకలోనే. పశువుల దొడ్డిని అక్కడ జాఖూర్ అంటారు. యాభై డిగ్రీల ఎండలో ఆ దొడ్లలో మేత వేసి, నీళ్లు పట్టి, పాలు పితికే పనికి రాయచోటి, రాజంపేట, కోనసీమ వైపుల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. అంతకుముందు ఒంటెను ఏ సర్కస్‌లోనో తప్ప చూసి ఎరగని కుర్రాడు కూడా కొన్నాళ్లకే దాని అలకా, కోపమూ కనిపెట్టేస్తాడు.

ఒంటెతో పాటు దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాలూ అతనికి పరిచయమవుతాయి. ఒంటె పాలు, కొందరి మాటల్లో ఒంటె మూత్రం కూడా, తాగితే క్యాన్సర్ కుదురుతుందనేది వాటిలో ఒకటి. ఇలాంటి మాటలు ఫోన్‌లో ఊరికి చేరడం ఎంతసేపు! ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే ఆశగా వింటారు. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఇది తప్పు, పైగా ప్రమాదం. మెర్స్ వైరస్‌కు ఒంటెలు ఆశ్రయమని తేలాక, పచ్చి ఒంటె పాలూ మూత్రమూ తాగవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. కాచని పాలతో బ్రూసెల్లా జ్వరం భయం ఉండనే ఉంది. కీమోథెరపీతో నీరసించిన మనిషికి ఇవి మరీ చేటు.

ఒంటెకూ క్యాన్సర్‌కూ సంబంధమే లేదనడానికి మాత్రం వీల్లేదు. అది పాలలో లేదు, నెత్తుటిలో ఉంది. క్యాన్సర్ రోగి ముందుముందు ఎలా ఉంటాడో సూచించే గుర్తులను డాక్టర్లు మార్కర్లు అంటారు. అలాంటి మార్కర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో వెతికి చూపే కొత్త పనిముట్టు ఒకటి ఒంటె నెత్తుటి నుంచే పుట్టింది. దాని పేరు నానోబాడీ.

దాని పుట్టుక ఎడారిలో జరగలేదు. 1989లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో, వ్రైయ విశ్వవిద్యాలయంలో జరిగింది. రేమండ్ హామర్స్ అనే ప్రొఫెసర్ విద్యార్థులకు ప్రాక్టికల్స్ పెట్టాడు. రక్తపు సీరం నుంచి యాంటీబాడీలను వేరు చేయమన్నాడు. మనిషి రక్తం ముట్టుకోవాలంటే విద్యార్థులకు ఎయిడ్స్ భయం. ఎలుకలను చంపడానికి మనసొప్పలేదు. ఫ్రీజర్‌లో వెతికితే ఒంటె సీరం కనిపించింది. ఒంటెలకు ట్రిపనోసోమా అనే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు మీద పరిశోధన చేసి మిగిల్చిన సీరం అది. దాంతోనే కానివ్వమన్నారు.

యాంటీబాడీ అంటే ఒంట్లోకి చొరబడినదాన్ని పట్టుకునే ప్రొటీన్. మనలో అది ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో ఉంటుంది. పెద్దవి రెండు, చిన్నవి రెండు, మొత్తం నాలుగు గొలుసులు. పెద్దవి బరువు గొలుసులు, చిన్నవి తేలిక గొలుసులు. పట్టుకునే కొస ఒక బరువు గొలుసూ ఒక తేలిక గొలుసూ జత కూడితేనే తయారవుతుందని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ఒంటె సీరంలో అలాంటి మామూలు యాంటీబాడీలు ఉన్నాయి. వాటి పక్కనే ఇంకో రకం కూడా కనిపించింది. అవి చిన్నవి, తేలిక గొలుసులు అసలే లేనివి. నమూనా పాడైపోయిందేమో అనుకుని పక్కన పెట్టేయడం ఎవరైనా చేసే పని. హామర్స్ బృందం వదలలేదు. వేరే ఒంటెల్లో చూశారు, లామాల్లో చూశారు. ఆ కుటుంబం మొత్తంలో ఉన్నాయి. ఎడారి ఒంటెలోనైతే యాంటీబాడీల్లో సగానికి పైగా ఈ రకమే. 1993 జూన్‌లో నేచర్ పత్రికలో ఈ సంగతి అచ్చయింది. రచయితల్లో మొదటి పేరు హామర్స్ భార్య సెసిల్ హామర్స్-కాస్టర్‌మన్‌ది.

మామూలు యాంటీబాడీ బరువు సుమారు 150 కిలోడాల్టన్లు. ఒంటె యాంటీబాడీలో పట్టుకునే కొసను మాత్రం కత్తిరించి తీస్తే 15. పదో వంతు. అయినా పట్టు సడలదు, వేడికి త్వరగా చెడదు, బాక్టీరియాలో చవకగా పెంచవచ్చు. దానికే తరవాత నానోబాడీ అని పేరు పెట్టారు.

ఇక్కడ కథను కొంచెం వెనక్కి, 1845 నాటి లండన్‌కు తీసుకుపోవాలి. ఎముకల నొప్పులతో తీసుకుంటున్న ఒక కిరాణా వ్యాపారి మూత్రాన్ని, అది వింతగా ప్రవర్తిస్తోందని, హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్య రసాయనవేత్తకు పంపారు. ఆమ్లం కలిపి చల్లారిస్తే గడ్డ కడుతోంది, కాస్తే కరిగిపోతోంది. రోగి 1846 జనవరి 1న చనిపోయాడు. ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్, ఇప్పుడు మనం మల్టిపుల్ మైలోమా అంటున్నది. ఇకముందు ఇలాంటి రోగుల్లో ఈ పదార్థం కోసం వెతకండని బెన్స్ జోన్స్ రాశాడు. లోకంలో మొట్టమొదటి క్యాన్సర్ మార్కర్‌గా వైద్య చరిత్ర దీన్నే లెక్కిస్తుంది. అదేమిటో తేలడానికి నూరేళ్లు దాటింది. 1962లో ఎడెల్మన్, గాలీ చూపించారు, అవి యాంటీబాడీ తేలిక గొలుసులే. దారి తప్పిన మజ్జ కణాలు వాటిని అడ్డూ అదుపూ లేకుండా తయారుచేసి పారబోస్తున్నాయి. మైలోమా రోగుల రక్తంలో తేలిక గొలుసులను కొలిచి జబ్బు ఎటు పోతోందో అంచనా వేయడం నేటికీ ఉంది. మొదటి మార్కర్ తేలిక గొలుసు, ఒంటె వదిలేసుకున్నదీ తేలిక గొలుసే. ఈ రెండు దారులూ కలవడానికి ఇంకా వ్యవధి ఉంది.

మార్కర్ భవిష్యత్తు చెబుతుందంటే జాతకం చెప్పినట్టు అనుకోకూడదు. అది గుంపు గురించి చెబుతుంది. మార్కర్ ఉన్నవాళ్లు వందమంది, లేనివాళ్లు వందమంది అనుకుందాం. ఏడాదికి, రెండేళ్లకు, ఐదేళ్లకు ఎందరు మిగిలారో మెట్లు మెట్లుగా దిగే రెండు గీతలు గీస్తారు. ఈ పద్ధతి 1958లో కప్లాన్, మేయర్ ఇచ్చినది. ఆ రెండు గీతల మధ్య తేడా నిజమా, కాకతాళీయమా అని తేల్చే లెక్కలో మన తెలుగువాడి పాలూ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1948లో స్కోర్ టెస్ట్ అనే పరీక్షను ప్రతిపాదించాడు. నేడు క్యాన్సర్ పరిశోధకులు వాడే కాక్స్ పద్ధతి ఫలితాల్లో కంప్యూటర్ అచ్చువేసే వరసల్లో అదొకటి. ఏ గీత అయినా ఒక మనిషి ఆయుష్షు చెప్పదు. స్టీఫెన్ జే గోల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు 1982లో ఒక క్యాన్సర్ వచ్చింది. ఆ జబ్బు తేలాక ఎనిమిది నెలల్లో సగంమంది పోతారని అప్పటి లెక్క. ఆయన ఇరవై ఏళ్లు బతికాడు.

గీతల మధ్య తేడా కళ్లకు కట్టిన సంవత్సరం 1987. లాస్ ఏంజెలిస్‌లో డెన్నిస్ స్లామన్ బృందం 189 రొమ్ము క్యాన్సర్ గడ్డలను పరీక్షించింది. వాటిలో సుమారు 30 శాతం గడ్డల్లో హెర్2 అనే జన్యువుకు మామూలుగా ఉండాల్సిన రెండు ప్రతుల బదులు అనేకం ఉన్నాయి. కొన్నిట్లో ఇరవై రెట్లకు మించి. ఆ స్త్రీలకు జబ్బు త్వరగా తిరగబెట్టింది, త్వరగా చనిపోయారు. తరవాతి పెద్ద లెక్కల్లో ఈ వాటా వందకు 15 నుంచి 20 అని తేలింది. ఈ జన్యువు కణం పైపొరమీద ఒక ప్రొటీన్‌ను నిలబెడుతుంది. అది పెరుగు, పెరుగు అని కణాన్ని లోపలికి తరుముతూ ఉంటుంది.

ఆ రోజుల్లో హెర్2 ఉందని తేలితే రోగికి ఒరిగేదేమిటి? చెడు కబురు ఇంకాస్త ముందుగా తెలియడం, అంతే. నా మటుకు నాకు, చికిత్స చూపించని మార్కర్ సగం పనే చేసినట్టు. మిగతా సగానికి పదకొండేళ్లు పట్టింది. ఆ ప్రొటీన్ కణం బయటికి పొడుచుకుని ఉంటుంది కనుక దాన్నే పట్టుకునే యాంటీబాడీ తయారుచేశారు. ట్రాస్టుజుమాబ్, అంటే హెర్సెప్టిన్. 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు ఒళ్లంతా పాకిన 469 మంది మీద జరిగిన అధ్యయనంలో సగంమంది బతికిన కాలం కీమోథెరపీ ఒక్కటే ఇస్తే 20.3 నెలలు, దీన్నీ కలిపితే 25.1. తరవాత పెర్టుజుమాబ్ కూడా తోడయింది. 2015లో అచ్చయిన లెక్క 56.5 నెలలు. ఒకనాడు అశుభమనుకున్న గుర్తే చికిత్సకు పట్టు దొరికే చోటయింది. 2014 నుంచి మన దేశంలో తయారైన ట్రాస్టుజుమాబ్ కూడా దొరుకుతోంది, ధర అప్పటికంటే చాలా దిగింది.

మరి ఒంటె అవసరం ఎక్కడ పడింది? హెర్2 ఉందో లేదో చూడాలంటే గడ్డలో చిన్న ముక్క తీసి, మైనపు దిమ్మలో పెట్టి, పలచటి పొరలుగా కోసి రంగు వేస్తారు. ఆ ముక్క రొమ్ములోది. రెండేళ్లకు కాలేయంలోనో ఎముకలోనో మొలిచిన పిలక గడ్డలో హెర్2 అలాగే ఉండాలని లేదు. కొన్నిట్లో మాయమవుతుంది, కొన్నిట్లో కొత్తగా వస్తుంది. అన్ని చోట్లా సూది దించి ముక్కలు తీయలేం. పెద్ద యాంటీబాడీకి రేడియోధార్మిక పదార్థం తగిలించి స్కాన్ తీయవచ్చు గానీ అది రక్తంలో రోజుల తరబడి తిరుగుతుంది. బొమ్మ తేటపడాలంటే నాలుగైదు రోజులు ఆగాలి. నానోబాడీ అయితే గడ్డకు చకచకా అంటుకుంటుంది, అంటుకోనిది మూత్రపిండాల గుండా గంటల్లో బయటికి పోతుంది.

దాన్ని రాబట్టే తీరు చూడండి. ఒంటెకు గానీ లామాకు గానీ హెర్2 ప్రొటీన్‌ను కొన్ని వారాలపాటు టీకా మాదిరి ఇస్తారు. తరవాత కొంచెం రక్తం తీస్తారు. జంతువు మళ్లీ మేతకు పోతుంది. ఆ రక్తకణాల నుంచి యాంటీబాడీ కొసల జన్యువులను తీసి ఫేజ్ అనే వైరస్‌లకు తగిలిస్తారు. ఒక్కో ఫేజ్ తన ఒంటిమీద ఒక్కో కొసను చూపిస్తూ ఉంటుంది. ఇలాంటివి కోట్లలో ఉంటాయి. ఇక చేటలో ధాన్యం చెరిగినట్టే. హెర్2 పూసిన పళ్లెంలో పోసి కడిగితే పట్టులేనివి కొట్టుకుపోతాయి, గట్టిగా పట్టుకున్నవి నిలుస్తాయి. రెండు మూడు సార్లు చెరిగితే మేలైనవి కొన్నే మిగులుతాయి. వాటి జన్యువును బాక్టీరియాలో పెట్టి కావలసినంత పండిస్తారు. ఆపైన ఒంటె అక్కర్లేదు. ఫేజ్ పద్ధతిని 1985లో కనిపెట్టిన జార్జ్ స్మిత్‌కు 2018లో నోబెల్ వచ్చింది.

ఒంటె పాల నమ్మకం ఎందుకు నిలవదో ఇక్కడే తెలుస్తుంది. కబ్ద్‌లో మేస్తున్న ఒంటె నెత్తుటిలో ఈ రకం యాంటీబాడీలు ఉన్న మాట నిజం. అవి ఆ ఒంటెకు తగిలిన క్రిములను పట్టుకునేవి. మనిషి గడ్డలోని హెర్2 ముఖం దానికి ఎవరూ చూపించలేదు. ఒకవేళ చూపించినా, తాగిన ప్రొటీన్‌ను మన పొట్ట అరిగించేస్తుంది.

బ్రసెల్స్ వైద్యులు 2016లో తమ మొదటి ఫలితం ప్రకటించారు. రొమ్ము క్యాన్సర్ ఉన్న 20 మందికి గాలియం-68 తగిలించిన హెర్2 నానోబాడీ ఎక్కించారు. గాలియం-68 ధార్మికత 68 నిమిషాల్లో సగానికి పడిపోతుంది. పెద్ద యాంటీబాడీతో దాన్ని వాడటం కుదరదు, నానోబాడీకి సరిగ్గా సరిపోయింది. గంటన్నరకే గడ్డలూ పిలకలూ స్కాన్‌లో వెలిగాయి. చేటు చేసిన దాఖలా లేదు. ట్రాస్టుజుమాబ్ పట్టుకునే చోటు వేరు, ఇది పట్టుకునే చోటు వేరు కనుక మందు నడుస్తుండగా కూడా చూడవచ్చు. మూత్రపిండాల్లో ధార్మికత పోగుపడటం దీని లోపం. ఇప్పటికీ ఇది పరిశోధన స్థాయిలో ఉన్నదే, ఊళ్లో స్కానింగ్ సెంటర్‌కు పోయి అడిగితే దొరికేది కాదు.

మందుగా నానోబాడీ ముందే గడప దాటింది. 2018లో ఐరోపాలో అనుమతి పొందిన కాప్లాసిజుమాబ్ మొదటిది, అది క్యాన్సర్‌కు కాదు, అరుదైన రక్తపు జబ్బుకు. తేలిక గొలుసుల కథలో కలవాల్సిన ఆ రెండు దారులూ 2022 ఫిబ్రవరిలో కలిశాయి. మైలోమాకు అమెరికాలో అనుమతించిన కార్-టి చికిత్స ఒకదాంట్లో, రోగి తెల్లకణాలకు శత్రువును గుర్తుపట్టేందుకు తగిలించినవి ఒంటెకు దాయాది అయిన లామా నుంచి వచ్చిన కొసలు రెండు. తేలిక గొలుసులు పారబోసే జబ్బు మీదికి తేలిక గొలుసు లేని యాంటీబాడీని పంపారన్నమాట. ఖరీదు మాత్రం మామూలు మనిషి ఊహకు అందదు.

మనవాళ్లకు ఇప్పుడే అందుబాటులో ఉన్నది రంగు వేసి చూసే ఆ పాత పరీక్షే. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు వేలమంది. రొమ్ములో గడ్డ తగిలితే దాచుకోవద్దు. అక్కడ పరీక్ష జరిగి, చికిత్సకు తిరుపతికో వేలూరుకో హైదరాబాద్‌కో రావలసి వస్తే, స్కాన్ ఫిల్ములు మాత్రమే పట్టుకుని విమానం ఎక్కవద్దు. బయాప్సీ రిపోర్టు, దాంట్లో ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు వరసలు, వీలైతే ఆ మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకోండి. హెర్2 ఎదురుగా 3 ప్లస్ అని ఉంటే దానికి మందు ఉంది. 2 ప్లస్ అని ఉంటే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయించాలి. ఆ వరస ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీగా ఉందని డాక్టర్‌ను అడగండి.