రోడ్డు అంచు ఎక్కడుంది?

వాన వెలిశాక దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ రోడ్డు మీద నిలబడి చూడండి. తారు ఎక్కడ ఆగిందో, బురద ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఎదురుగా ఆటో వస్తే బండిని కాస్త బురదలోకి దింపుతాం. దింపొచ్చని మనకు తెలుసు, కారు నడిపే కంప్యూటర్‌కు తెలియదు. దానికి ఆ సంగతి నేర్పడానికి కాలేజీలు, కంపెనీలు కలిసి చేసే పరిశోధన గురించి మాటొచ్చినప్పుడల్లా కొన్ని అపోహలు వినబడుతుంటాయి.

అపోహ: కాలేజీవాళ్లది సిద్ధాంతం, కంపెనీవాళ్లది అసలు పని.

వాస్తవం: డ్రైవర్ లేని కార్ల పరిశోధకులు బాగా వాడుకున్న ‘సిటీస్కేప్స్’ ఫొటోలు ఎక్కువగా జర్మనీ నగరాలవి. అక్కడ బళ్లు సాధారణంగా గీత దాటవు. మన రోడ్ల కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి 2018లో ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ తెచ్చాయి. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో కారుకు కెమెరా బిగించి తిరిగారు. 182 ప్రయాణాల నుంచి పదివేల పైచిలుకు ఫొటోలు ఏరి, వాటిలో కనబడేవాటిని 34 రకాలుగా విడదీశారు. ఆటోకు వేరే పేరు, జంతువులకు వేరే పేరు. నాకు ముచ్చటేసింది ఇంకొకటి: రోడ్డు కాకపోయినా అవసరమైతే బండి దింపగలిగే నేలకు విడిగా ఒక పేరు పెట్టారు. మన బురద అంచన్నమాట! ఫొటోలో ఉన్న ప్రతి వస్తువు చుట్టూ మనిషి కూర్చుని గీత గీయాలి. దీన్ని సిద్ధాంతమంటారో చాకిరీ అంటారో మీ ఇష్టం.

అపోహ: కంపెనీ డబ్బు పెడితే ఫలితం బీరువాలోకి పోతుంది.

వాస్తవం: సగం నిజమే. పై డేటా మాత్రం పేరు నమోదు చేసుకున్న పరిశోధకులకు ఉచితంగా దొరుకుతుంది. అన్ని ఒప్పందాలూ ఇంత ఉదారంగా ఉండవు. పేటెంటు ఎవరిది, పేపరు ఎప్పుడు అచ్చువేయొచ్చు అన్నవి సంతకానికి ముందే తేల్చుకోవాలి. లేకపోతే మధ్యలో ఆగేది విద్యార్థి థీసిస్సే.

అపోహ: కాలేజీలు, కంపెనీలు చేతులు కలపడం నిన్నమొన్నటి ఫ్యాషన్.

వాస్తవం: ఆ ట్రిపుల్ ఐటీ 1998లో పుట్టిందే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో.

అపోహ: దీవుల్లో ఉన్నవాళ్లకు ఇందులో చోటు లేదు.

వాస్తవం: నెట్ అంతా ఉపగ్రహం మీదే నడిచిన రోజుల్లో ఆ మాట చెల్లింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భ కేబుల్ మొదలైంది. మొత్తం పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. వేల ఫొటోలు హైదరాబాద్ పంపాలన్నా ఇప్పుడు దారి ఉంది. పైగా చౌల్దారీ దారి ఆ పదివేల ఫొటోల్లో లేదు. తీయడానికి స్కూటీకి ఫోను కట్టుకుంటే మొదలుపెట్టొచ్చు. గీతలు గీయడానికే ఓపిక కావాలి.