తాళం వేసిన ఇంటికి బదులు లేదు

సర్వే వాళ్ల జీపు ఊళ్లో ఆగగానే చుట్టూ చేరే మనుషులు కొందరుంటారు. రచ్చబండ మీద పొద్దుపుచ్చే పెద్దలు, బడి ఎగ్గొట్టిన పిల్లలు, పేరు రాయించుకుంటే పింఛనేమైనా వస్తుందేమోనని ఆశపడే అవ్వలు. వీళ్లనే కూర్చోబెట్టి అడిగితే మధ్యాహ్నానికల్లా ఫారాలు నిండిపోతాయి. వాటిలో ఊరంతా మాత్రం ఉండదు. కూలికి పోయినవాళ్లు, ఊరి చివర పేటలో ఉండేవాళ్లు, కొత్త మనిషిని చూస్తే తలుపేసుకునేవాళ్లు జారిపోతారు. అందుకే ఎవరిని అడగాలన్న నిర్ణయాన్ని అడిగే మనిషి చేతిలో ఉంచరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే తీసుకుందాం. 2019-21లో జరిగిన అయిదో విడతలో దేశమంతటా 6,36,699 ఇళ్లలో వివరాలు సేకరించారు. ముందు 2011 జనాభా లెక్కల జాబితా నుంచి ఊళ్లను లాటరీ తీసినట్టు ఎంచారు. ఈ లాటరీలో ఊళ్లన్నీ సమానం కావు. వంద గడపల ఊరికన్నా వెయ్యి గడపల ఊరికి పది రెట్లు ఎక్కువ అవకాశం. పెద్ద ఊళ్ల మీద పక్షపాతంలా ఉంది కదా? అయితే ఎంపికైన ఊరు ఎంతదైనా తీసుకునేది 22 ఇళ్లే. చిన్న ఊళ్లో వందకు 22, పెద్ద ఊళ్లో వెయ్యికి 22. ఊరికి పది రెట్లు పెరిగిన అవకాశం ఇంటి దగ్గరికొచ్చేసరికి పదో వంతుకు తగ్గుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. ఒకే జిల్లాలో ఏ ఊళ్లోని ఇంటికైనా చివరికి దాదాపు ఒకే అవకాశం మిగులుతుంది. (మరీ పెద్ద ఊళ్లను ముక్కలు చేసి కొన్నింటినే తీసుకుంటారు. ఆ చిక్కు ఇక్కడ వదిలేద్దాం.) ఈ సర్వే మొత్తంలో నాకు బాగా నచ్చిన లెక్క ఇదే.

ఇక ఆ 22 ఇళ్లు. ఒక బృందం ముందే వచ్చి గడపగడపకూ తిరిగి జాబితా రాస్తుంది. 220 ఇళ్లుంటే పదింటికొకటి. ఎక్కడ మొదలుపెట్టాలో మళ్లీ లాటరీయే: 7 వస్తే 7, 17, 27, అలా. ప్రశ్నలడిగేందుకు తర్వాత వచ్చేది వేరే బృందం. వాళ్ల చేతికి తయారైన జాబితా అందుతుంది. 17కు బదులు 18వ ఇంట్లో అడిగే వీలు లేదు.

మరి 17కు తాళం వేసి ఉంటే? సాయంత్రం రావాలి, మర్నాడు మళ్లీ రావాలి. పక్కింటావిడ ఎంత ఆదరంగా పిలిచినా ఆమె సమాధానాలు పనికిరావు. పగలు తాళం పడిన ఇల్లంటే చాలాసార్లు మొగుడూపెళ్లాలిద్దరూ పనికి పోయే ఇల్లు, లేదా వలస వెళ్లిన ఇల్లు. పగలు మనిషి దొరికే ఇంటికీ ఆ ఇంటికీ రాబడిలో, తిండిలో, పిల్లల ఆలనాపాలనలో తేడా ఉండొచ్చు. దొరికినవాళ్లతో ఖాళీ పూడిస్తే అంకె నిండుతుంది, తేడా కనబడకుండా పోతుంది. ఇంత పట్టుబట్టినా అందరూ దొరకరు. ఎంపికైన స్త్రీలలో 97 శాతం మంది సమాధానమిస్తే, మగవాళ్లలో 92 శాతం మందే ఇచ్చారు.

ఇదే సర్వేలో ఇంకో విచిత్రం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 11 వేల ఇళ్లకు వెళితే, అంతకన్నా జనాభా తక్కువున్న తెలంగాణలో 27 వేలకు పైగా ఇళ్లకు వెళ్లారు. కారణం జిల్లాలు. ప్రతి జిల్లాకూ విడిగా లెక్క చెప్పాలి కాబట్టి ప్రతి జిల్లాలోనూ తగినన్ని ఇళ్లు కావాలి. సర్వే లెక్కలోకి తీసుకున్న జిల్లాలు ఆంధ్రలో 13, తెలంగాణలో 31. దేశం మొత్తానికి సగటు కట్టేటప్పుడు తెలంగాణలో ఒక్కో ఇంటి విలువను ఆ మేరకు తగ్గించి సరిచేస్తారు.

అన్ని పరిశోధనలకూ ఇదే దారి అనుకోనక్కర్లేదు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం పేదరికంలో పెరిగే పిల్లల గురించి. అందుకని కోస్తా, రాయలసీమ, తెలంగాణలలో ఎంచుకున్న 20 చోట్లలో పేద ప్రాంతాలకే కావాలని పెద్దపీట వేశారు. అందులోంచి రాష్ట్ర సగటు తీస్తామంటే కుదరదు, దాని ఉద్దేశమూ అది కాదు. అక్కడి కష్టం వేరు. దాదాపు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించాలి. చదువుకని పట్నం పోయినా, పెళ్లయి మరో జిల్లాకు వెళ్లినా వెతికి పట్టుకోవాలి. 2020లో కోవిడ్ వల్ల ఇళ్లకు వెళ్లే వీల్లేక, అప్పటికి పెద్దవాళ్లయిన వాళ్లను ఫోన్లోనే పలకరించారు.