షటిల్ పోటీలు – ఏర్పాటు

2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను, 2016లో పి.వి. సింధు రియో ఒలింపిక్సులో రజత పతకము గెలిచెను. తెలుగువారికి ఇంత కీర్తి తెచ్చిన షటిల్ ఆటకు కాటారమువంటి ఊర పోటీ పెట్టువారు, బహుమతులకంటె ముందు తగవులకు తావీయని ఏర్పాటు చూచుకొనవలెను.

ఆటస్థలము పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు; ఒక్కొక్కరే ఆడునపుడు వెడల్పు 17 అడుగులు. వల నడుమ ఎత్తు 5 అడుగులు. షటిల్ బరువు సుమారు 5 గ్రాములే గనుక చిరుగాలికే త్రోవ తప్పును. ఆరుబయట నయినచో గాలి లేవకముందే ఆడించుట మేలు. తన పాయింట్లు సరిసంఖ్యయైన కుడివైపు నుండి, బేసియైన ఎడమవైపు నుండి ఐమూలగా సర్వీసు చేయవలెను. గీతపై పడిన షటిల్ లోపల పడినట్లే. 2006లో వచ్చిన పద్ధతిలో గేము 21 పాయింట్లకు. మూడింట రెండు గెలిచినవారిదే జయము. వేళ చాలక పాయింట్లు తగ్గింపదలచినచో ముందే ప్రకటింపవలెను.

మహాదేవపురము, కాళేశ్వరముల వారితో కలిసి 13 మంది చేరిరనుకొందము. ఓడినవారు తొలగిపోవు నాకౌట్ పద్ధతిలో ఆటకొకరు తగ్గుదురు గనుక 12 ఆటలలో విజేత తేలును. జోడీలు సరిపోవుటకు 16 స్థానములు కావలెను. కొరతపడిన మూడింటికి ఎదురుపడిన ముగ్గురు ఆడకయే రెండవ వరుసకు పోవుదురు. ఆ ముగ్గురెవరో అందరియెదుట చీట్లు తీసి తేల్చవలెను.

అయితే ఇందులో మొదటి వరుసలోనే ఐదుగురు ఒక్క ఆటతో ఇల్లు చేరుదురు. నలుగురి జట్టు ఒకటి, ముగ్గురి జట్లు మూడు చేసి, జట్టులో ప్రతివారిని ప్రతివారితో ఆడించి, జట్టు విజేతలకు తుదిపోటీలు పెట్టినచో మొత్తము 18 ఆటలగును. ఆరాటలు పెరిగినను, దూరము నుండి వచ్చిన బాలునికి కనీసము రెండాటలు దక్కును. పల్లె పోటీకి ఈ పద్ధతియే తగినది.