వినోదం మాటున సంస్కరణ
నాటి ధారావాహికలు సాధించిందెంత?

చెన్నూరు: ప్రైవేటు ఛానెళ్ల సందడి లేని రోజుల్లో గోదావరి తీర గ్రామాలకు దూరదర్శన్ ఒక్కటే దిక్కు. టీవీ ఉన్న ఇంటి ముంగిట ఇరుగుపొరుగు వారు గుమిగూడడం ఆనాటి రివాజు. కథ చెబుతూనే కుటుంబ నియంత్రణ, స్త్రీల హక్కులు, వినియోగదారుల కష్టాలను చర్చకు తెచ్చిన ధారావాహికలు ఆ కాలంలోనే పుట్టాయి.

వీటిలో మొదట పేర్కొనదగినది 'హమ్‌లోగ్'. 1984 జులై 7న ప్రారంభమై 1985 డిసెంబరు 17 వరకు ప్రసారమైంది. రచన మనోహర్ శ్యామ్ జోషి, దర్శకత్వం పి.కుమార్ వాసుదేవ్. దీనికి మూలం మెక్సికోలో ఉంది. అక్కడ మిగ్యుయెల్ సబిదో 1975లో వయోజన విద్యపై ఒక ధారావాహిక నిర్మించారు. మంచి పాత్ర ఒకటి, చెడు పాత్ర ఒకటి, రెంటి మధ్య ఊగిసలాడే పాత్ర మరొకటి ఉండాలన్నది ఆయన సూత్రం. ప్రేక్షకుడు తనను తాను చూసుకునేది ఆ మూడో పాత్రలోనే. అది తప్పటడుగు వేసి తేరుకుంటే చూసేవారూ ఆలోచనలో పడతారు. 'హమ్‌లోగ్'లో ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ కనిపించి ఆనాటి కథపై నాలుగు మాటలు చెప్పేవారు. ఆయనకు 4 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఇంతటి సంస్కరణ కథకు ప్రాయోజకత్వం వహించింది మ్యాగీ నూడుల్స్ కావడం విశేషం.

ఉపదేశం వికటించిన వేళ

తొలి 13 భాగాల్లో కుటుంబ నియంత్రణ బోధ మితిమీరడంతో ప్రేక్షకులు పెదవి విరిచారు. దాంతో ఆ పాలు తగ్గించి కుటుంబ కథను పెంచారు. అంతకన్నా ఆలోచింపజేసేది భగవంతి పాత్ర. అన్నీ మౌనంగా భరించే ఇల్లాలు ఎంత నష్టపోతుందో చూపేందుకు ఆమెను సృష్టించారు. కానీ పలువురు స్త్రీలు ఆమెనే ఆదర్శంగా స్వీకరించినట్లు తదుపరి పరిశోధనల్లో తేలింది. రచయిత ఉద్దేశం ఒకటైతే ఇంట్లో కూర్చున్నవారు గ్రహించింది మరొకటన్నమాట.

1985లో బాసు ఛటర్జీ దర్శకత్వంలో వచ్చిన 'రజని' మరో దారి పట్టింది. ప్రియా తెందూల్కర్ పోషించిన గృహిణి గ్యాస్ సిలిండరు పంపిణీలో అక్రమాలను సైతం నిలదీసింది. మరుసటి ఏడాదే వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. అది ఈ ధారావాహిక చలవేననడం అతిశయోక్తే అయినా, ప్రశ్నించే అలవాటును ఇంటింటికీ చేర్చిన ఘనత దానికుంది.

ఇవన్నీ హిందీలో వచ్చినవే. మద్రాసులో 'హమ్‌లోగ్' ప్రేక్షకులు క్రమేణా తగ్గిపోయారు. ఉర్దూ పలుకుబడి ఉన్న, మహారాష్ట్ర సరిహద్దుకు చేరువైన మన ప్రాంతంలో భాష అంత అడ్డంకి కాకపోయినా, తెలుగు కథ తెలుగు కథే. బాల్యవివాహం, కన్యాశుల్కంపై గురజాడ నాటకం 1892లోనే రంగస్థలమెక్కింది.

ఆ సమస్యే శతాబ్దం దాటాక బుల్లితెరకెక్కింది. 2008 జులైలో హిందీలో మొదలైన 'బాలికా వధు' మాటీవీలో 'చిన్నారి పెళ్లికూతురు'గా తెలుగింటికి వచ్చింది. చిన్ననాటి పెళ్లిని ముచ్చటగా చూపుతున్నారంటూ 2009లో లోక్‌సభలో శరద్ యాదవ్ అభ్యంతరం తెలిపారు. ఆ విమర్శను తోసిపుచ్చలేం. పట్టుచీర, నగలతో ముద్దొచ్చే ఆనందిని చూసి మురిసిపోయిన వారిలో ఎందరు ఆమె మానిన చదువు గురించి బాధపడ్డారు? ఇదీ భగవంతి కథలాంటిదే.

సమస్య మాత్రం తెరపై ముగిసినట్లు ముగియలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు 2015-16లో 26.2 శాతం కాగా, 2019-20 నాటికి 23.5 శాతం. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి పథకం సైతం వధువుకు 18 ఏళ్లు నిండాలన్న షరతు పెట్టింది.

2006 నాటి చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించిన వారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చిన్ననాడు పెళ్లయిన వ్యక్తి మేజరైన తర్వాత రెండేళ్లలోపు ఆ వివాహాన్ని రద్దు చేయమని కోర్టును ఆశ్రయించవచ్చు. ఎక్కడైనా ఇటువంటి పెళ్లి తలపెట్టినట్లు తెలిస్తే 1098కు ఫోన్ చేయవచ్చు.