చింపితే బొమ్మ.. కలిపి ఉంచితే చరిత్ర

* జర్మనీ ఇంటి బైబిళ్ళు చెబుతున్న పాఠం
* తెలుగు తొలిసారి పుస్తకంగా అచ్చయిందీ ఆ దేశంలోనే

2004 సెప్టెంబరు 2. జర్మనీలోని వైమార్ పట్నంలో రాత్రిపూట అన్నా అమాలియా గ్రంథాలయం పైకప్పు అంటుకుంది. మంటలు కిందికి దిగేలోపు సిబ్బంది, ఊరి జనం వరుస కట్టి నిలబడ్డారు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పుస్తకాలు అందిస్తూ బయటికి చేర్చారు. దాదాపు 50 వేల పుస్తకాలు బూడిదయ్యాయి. దక్కిన వాటిలో రంగులద్దిన బొమ్మలున్న ఒక పాత బైబిల్ ఉంది. 1534లో అచ్చయింది. మార్టిన్ లూథర్ జర్మన్ భాషలోకి తెచ్చిన సంపూర్ణ బైబిల్ తొలి ముద్రణ అది.

ఎక్కడో జర్మనీలో ఒక బైబిల్ దక్కితే కెంచార్లహళ్ళి వాళ్ళకేంటి, చింతామణి, బాగేపల్లి వాళ్ళకేంటి అనిపించొచ్చు. సంబంధం ఉంది. పాత పుస్తకాన్ని ఇంట్లో ఎలా ఉంచుకోవాలో, ఎలా పోగొట్టుకుంటామో ఆ బైబిళ్ళ కథ విప్పి చెబుతుంది. పైగా మనం మాట్లాడే తెలుగు మొదటిసారి సీసపు అచ్చుల్లోకి ఎక్కి పుస్తకమైంది కూడా ఆ దేశంలోనే.

లేపాక్షి కాలం నాటి బొమ్మలు

బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరిగితే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో ఆ గుడి కప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ రంగుల్లో వేశారు. అక్షరం రానివాడు కూడా తలెత్తి చూసి కథ చెప్పుకోవచ్చు. దేవతలకు, రాజులకు చిత్రకారులు తొడిగింది విజయనగరం బట్టలే. పొడుగు కుళ్ళాయిలు, గళ్ళ చీరలు చూస్తే తెలిసిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో విట్టెన్‌బర్గ్ ఊళ్ళో హాన్స్ లుఫ్ట్ అనే ముద్రాపకుడు లూథర్ బైబిల్ అచ్చేశాడు. అందులో 117 బొమ్మలు. లూకాస్ క్రానాక్ చిత్రశాలలో తయారయ్యాయి. ఏ ఘట్టానికి ఏ బొమ్మ ఉండాలో లూథర్ స్వయంగా చెప్పేవాడని ప్రెస్సులో పనిచేసిన దిద్దుబాటుదారు రాసి పెట్టాడు. ఇక్కడా అదే తీరు. బైబిల్ మనుషులకు జర్మన్ బట్టలు, బైబిల్ ఊళ్ళకు జర్మన్ కోటలు, గోపురాలు. చూసేవాడికి కథ తన ఊళ్ళో జరిగినట్టే ఉండేది.

బొమ్మల బైబిల్ లూథర్‌తో మొదలైంది కాదు. జర్మన్‌లో మొదటి బైబిల్ 1466లోనే స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయింది. 1483లో నూరెంబర్గ్‌లో ఆంటన్ కోబెర్గర్ వేసిన బైబిల్‌లో 109 బొమ్మలున్నాయి. ఆ కోబెర్గర్‌కి ధర్మపుత్రుడైన ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1498లో ప్రకటన గ్రంథానికి 15 బొమ్మలు వేశాడు. తర్వాతి వాళ్ళంతా వాటిని చూసి నేర్చుకున్నవాళ్ళే.

బేరికాయ చెట్టు పలక

ఈ బొమ్మలు ఎలా వేసేవాళ్ళో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. పలకకి ఎక్కువగా వాడింది మన దగ్గర బేరికాయ అనే పండు చెట్టు కలప. నున్నగా చిత్రిక పట్టిన పలక మీద చిత్రకారుడు గీతలు గీస్తాడు. చెక్కేవాడు గీత పోకుండా చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచేస్తాడు. గీతలు మాత్రమే పైకి నిలుస్తాయి. వాటికి సిరా రాసి కాగితం నొక్కితే బొమ్మ తిరగబడి పడుతుంది. కుడి ఎడమవుతుంది. పెడన కలంకారీ వాళ్ళు టేకు అచ్చులతో బట్టల మీద అద్దేదీ ఇలాగే.

ఇందులో ఇంకో సులువు ఉంది. చెక్క పలక ఎత్తు, సీసపు అక్షరాల ఎత్తు సమానం. కాబట్టి రెండూ పక్కపక్కన బిగించి ఒకే నొక్కుతో పేజీ తీసేయొచ్చు. రాగిరేకు బొమ్మకి ఆ వీలు లేదు. దానికి వేరే ప్రెస్సు, వేరే ఖర్చు. బొమ్మల బైబిల్ మామూలు ఇంటి గడప తొక్కిందంటే ఆ కొయ్య అచ్చుల పుణ్యమే.

చెక్కిన పలక దశాబ్దాల పాటు పనిచేసేది. ఒక ఊరి ముద్రాపకుడు అమ్మితే ఇంకో ఊరి వాడు కొనేవాడు. అందుకే పాత బొమ్మ తర్వాతి కాలం పుస్తకంలో కనిపిస్తుంది. బొమ్మ పాతదైతే పుస్తకమూ అంత పాతదే అనుకోకూడదు. పలకకి పురుగు పడితే ఆ తూట్లు కాగితం మీద తెల్ల చుక్కలుగా పడతాయి. ఏ ముద్రణ ముందు, ఏది వెనక అని తేల్చడానికి ఆ చుక్కలే పనికొస్తాయి.

పలక మీద గొడవలూ నడిచాయి. 1522 సెప్టెంబరులో వచ్చిన లూథర్ కొత్త నిబంధనలో ఒక దుష్ట స్త్రీ నెత్తిన పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం చెక్కారు. అభ్యంతరాలు లేచాయి. అదే ఏడాది డిసెంబరు ముద్రణకల్లా పలక మీద పై అంతస్తులు చెక్కేసి మామూలు కిరీటం మిగిల్చారు. 1534లో మూడంతస్తులూ మళ్ళీ వచ్చాయి.

ఖాళీ పేజీల్లో వంశం

పుస్తకం ఇంటికి చేరాక రెండో కథ మొదలయ్యేది. మన పెద్దవాళ్ళు పిల్ల పుట్టిన తిథి, నక్షత్రం, ఘడియ పాత పంచాంగం అంచునో, భారతం పుస్తకం అట్ట లోపలో రాసి పెట్టేవాళ్ళు. జర్మన్ ఇళ్ళల్లో ఆ చోటు బైబిల్‌ది. ముందూ వెనకా ఉన్న ఖాళీ పేజీల్లో పెళ్ళిళ్ళు, పుట్టుకలు, బాప్తిస్మాలు, చావులు రాసుకునేవాళ్ళు. తాత చేతిరాత కింద తండ్రిది, దాని కింద కొడుకుది. చెక్క అట్టలు, తోలు కప్పు, ఇత్తడి కొక్కేలు ఉన్న ఆ బరువైన పుస్తకం తరం నుంచి తరానికి వచ్చేది. అమెరికాకు వలస పోయిన జర్మన్లు కూడా దాన్ని వెంట తీసుకెళ్ళారు.

ఆ రాతలకు కాగితం విలువ కూడా ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల భార్యలకు పింఛను రావాలంటే పెళ్ళి రుజువు చూపాలి. ఊళ్ళో వేరే దస్తావేజు లేనివాళ్ళు ఇంటి బైబిల్‌లోని వంశం పేజీ చింపి దరఖాస్తుతో పంపేవాళ్ళు. ఆ చిరిగిన పేజీలు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో పింఛను ఫైళ్ళ మధ్య ఉన్నాయి. పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా ఆ బాధ అర్థమవుతుంది. పింఛను వచ్చింది సరే, బైబిల్ నుంచి వంశం విడిపోయింది.

పేజీకో రేటు

అవసరం కొద్దీ చింపడం ఒకటి. బేరం కోసం చింపడం ఇంకొకటి. పాత పుస్తకం మొత్తం అమ్మితే వచ్చే డబ్బు కంటే బొమ్మ బొమ్మగా అమ్మితే ఎక్కువ వస్తుందని లెక్క కట్టే వ్యాపారులు ఉన్నారు. బొమ్మల పేజీలు చట్రాల్లోకి పోతాయి. బొమ్మ లేని పేజీలు, పేర్లు రాసిన పేజీలు ఎవరికీ పట్టవు. 1921లో న్యూయార్క్ వ్యాపారి గేబ్రియల్ వెల్స్ కొన్ని పేజీలు లేని ఒక గుటెన్‌బర్గ్ బైబిల్‌ని విడదీసి పేజీల లెక్కన అమ్మాడు. ఆ పేజీలు ఇప్పుడు తలో చోట ఉన్నాయి.

అలాగని పాత బైబిల్ ప్రతిదీ లక్షలు పలుకుతుందని కాదు. హాలే నగరంలో 1710లో మొదలైన కాన్‌స్టీన్ బైబిల్ సంస్థ పేదలకు అందేలా చవకగా బైబిళ్ళు వేసింది. అలాంటివి కుప్పలుగా వచ్చాయి. విలువ కట్టేవాళ్ళు చూసేది వేరు. ఎవరు అచ్చేశారు, ఏ ఏడు, పేజీలన్నీ ఉన్నాయా, బొమ్మలు అసలువేనా, ఎవరి ఇంటిది అని. ఆఖరి ప్రశ్నకు జవాబు ఆ చేతిరాతలోనే ఉంటుంది.

హాలేలో మన 'దోవ'

ఆ హాలే నగరమే మన కథలోకీ వస్తుంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి 1719లో తరంగంబాడిలో దిగాడు. 1726లో మద్రాసు చేరి తెలుగు పట్టుకున్నాడు. తమిళులు తెలుగును వడుగు అంటారు కదా, ఆయన రాతల్లోనూ ఆ పేరు కనిపిస్తుంది. 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1732 నాటికి బైబిల్ మొత్తం తెలుగు చేశాడు. చిత్రం ఏమంటే, ఆయన మద్రాసులో తెలుగు దిద్దుకోవడం మొదలుపెట్టిన ఆ 1726లోనే కైవారం తాతయ్య పుట్టారని ఇక్కడి వాళ్ళ నమ్మకం.

షుల్జ్ 1743లో స్వదేశం వెళ్ళిపోయాడు. హాలేలో తెలుగు అక్షరాలకు సీసపు అచ్చులు పోయించాడు. 1746, 47ల్లో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు వేశాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా పేరుపొందినవి అవే. వాటిలో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ'. చూశారా, పండితుల 'మార్గం' కాదు, 'దోవ'. చింతామణి సంతలో ఇప్పటికీ వినబడే మాట.

బైబిల్ మాత్రం అచ్చుకు నోచుకోలేదు. తెలుగు వాళ్ళ చేతికి కొత్త నిబంధన 1818లో వచ్చింది. సంపూర్ణ బైబిల్ వచ్చేసరికి 19వ శతాబ్దం సగమైంది. జర్మన్ రైతు ఇంటి బైబిల్‌లో పేర్లు రాసుకుంటున్న కాలంలో షుల్జ్ తెలుగు బైబిల్ చేతిరాత దగ్గరే ఆగిపోయింది. హాలేలోని ఫ్రాంకే సంస్థ మాత్రం దక్షిణాది నుంచి వెళ్ళిన కాగితాలను, తాటాకులను పారేయలేదు. తెలుగు, తమిళ తాళపత్రాలు అక్కడ భద్రంగా ఉన్నాయి.

మన అటకల సంగతి

మరి మన దగ్గర? కైవారం తాతయ్య తెలుగు పదాలు ఊరూరా భజనల్లో బతికే ఉన్నాయి. పాడేవాళ్ళున్నంత వరకు వాటికి భయం లేదు. పాడేవాళ్ళు లేని వాటి సంగతే బెంగ. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు ఉన్న ఈ సీమలో తాతల నాటి తెలుగు రాత చదవగలిగేవాళ్ళు తరం తరానికీ తగ్గుతున్నారు. చదవలేని కట్ట చెత్త కింద లెక్క అయిపోతుంది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ముందు పోయేవి అవే.

ఇచ్చిన చేతి వల్ల ఎంత మేలు జరుగుతుందో మైసూరే సాక్ష్యం. తంజావూరు జిల్లా పండితుడొకరు ఒక తాటాకుల కట్ట తెచ్చి మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఇచ్చారు. అక్కడి శామశాస్త్రి 1905లో దాన్ని గుర్తించారు, 1909లో అచ్చేయించారు. అది కౌటిల్యుడి అర్థశాస్త్రం. ఆయన ఆ కట్టను బొమ్మలు లేవని పక్కన పెట్టి ఉంటే?

ఇంట్లో పాత బైబిల్ అయినా, ఖురాన్ అయినా, తాటాకు రామాయణం అయినా జాగ్రత్తలు ఒకటే. ఆకు గానీ పేజీ గానీ విడదీయకూడదు. సెల్లోటేపు అంటించొద్దు, ల్యామినేషన్ చేయించొద్దు. తడి, పొయ్యి పొగ తగలని చోట నూలు గుడ్డలో చుట్టి ఉంచాలి. అంచున చేతిరాత ఉంటే తుడవకండి, దాని విలువే ఎక్కువ. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పెద్దవాళ్ళని అడిగి వేరే కాగితం మీద రాసి లోపల పెట్టండి. సెల్‌ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది.

చదివించుకోవాలంటే మైసూరులో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచ్య పరిశోధనా సంస్థలు ఉన్నాయి. రాతప్రతుల కోసం కేంద్రం 2003లో ఒక జాతీయ మిషన్ పెట్టింది. 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరిట కోటికి పైగా రాతప్రతుల సర్వే ప్రకటించింది. ఊళ్ళోకి కొనేవాడు వస్తే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్ళు దాటిన రాతప్రతి 1972 చట్టం కింద పురావస్తువు. దాన్ని ఎవరుబడితే వాళ్ళు దేశం దాటించడం నేరం.

వైమార్ జనానికి ఆ రాత్రి పుస్తకాలు దక్కించుకోవడానికి కొద్ది గంటలే దొరికాయి. చెదలు అంత తొందర పెట్టవు. అలాగని ఆగవు కూడా. ఈ ఆదివారం నిచ్చెన వేసుకుని అటక ఎక్కి చూడండి.