చలిదేశములో కొత్త యిల్లు: వేడికి ఏ సాధనము?

మన ప్రాంతమున ఇల్లు కట్టువాడు గాలి యే దిక్కున వచ్చునో చూచుకొనును, ఎండ యే గోడపై పడునో చూచుకొనును. చలిని గూర్చి మాత్రము విచారింపడు. లంబసింగి వంటి మన్యపు ఊళ్లలో తప్ప కుంపటి అవసరము పడుట అరుదు. పుష్యమాసపు చలికి కంబళి చాలును. కాని నేడు మన బిడ్డలు జర్మనీలోను, బ్రిటనులోను, కెనడాలోను స్థిరపడి అచ్చటనే ఇండ్లు కట్టించుకొనుచున్నారు. ఆ యిండ్ల ఖర్చులో కొంత భాగము ఇచ్చటి పెద్దల చేతినుండియే పోవుటయు కలదు. కావున చలిదేశపు ఇంటిని వెచ్చగా నుంచుట యెట్లను ప్రశ్న మన గడపలోనికిని వచ్చినది.

మా మేనల్లుడొకడు ఫ్రాంక్‌ఫర్టు సమీపమున ఇల్లు తలపెట్టి, ఒకనాటి రాత్రి ఫోను చేసెను. “మామయ్యా, ఒకాయన 24 కిలోవాట్ల గ్యాసు బాయిలరు పెట్టమంటున్నాడు. ఇంకొకాయన భూమిలో నూరు మీటర్ల బోరు వేయించమంటున్నాడు. ఎవరి మాట వినను?” అని యడిగెను. “ఆ యిల్లు గంటకు ఎంత వేడి పోగొట్టుకొంటుందో లెక్క వేయించావా?” అంటిని. ఆ యిద్దరిలో ఎవ్వరును ఆ లెక్క యడుగనే లేదట. రోగి నాడి చూడకయే మందు వ్రాసిన వైద్యుని వలె నున్నది ఇది.

ఆ లెక్క కష్టమైనది కాదు. గోడ యొక్క వైశాల్యము, ఒక డిగ్రీ భేదమునకు ఒక చదరపు మీటరు గోడగుండ జారిపోవు వేడి, లోపలికిని బయటికిని గల ఉష్ణోగ్రతా భేదము, ఈ మూడింటిని గుణించిన చాలును. మా వాని యిల్లు రెండంతస్తులు, 120 చదరపు మీటర్లు. బయటి గోడలు 150 చదరపు మీటర్లు. వాటికి వేడిని పోనీయని దళసరి పొర వేసినందున జారిపోవునది చదరపు మీటరుకు, డిగ్రీకి 0.15 వాట్లు మాత్రమే. బయట సున్నకు దిగువ 10 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు అనుకొన్నచో భేదము 30. గుణించిన వచ్చునది 675 వాట్లు. పొరలేని పాత ఇటుక గోడయైనచో ఇదే వైశాల్యమునకు ఇంచుమించు 6,750 వాట్లు పోయెడివి. మూడు అద్దముల కిటికీలు 25 చదరపు మీటర్లకు 600 వాట్లు, పైకప్పుకు 250, నేలకు 160. ఇక గాలి. తలుపులు బిగించిన యింటికి మంచి గాలి కావలెను గదా! బయటికి పోవు వెచ్చని గాలి, లోనికి వచ్చు చల్లని గాలికి తన వేడిని అప్పగించి పోవునట్లు ఒక యంత్రము నమర్చుదురు. రెండు గాలులును కలియవు, పలుచని రేకుల కిరుప్రక్కల ప్రవహించును, అంతే. ఆ యంత్రమున్నచో గాలి వలని నష్టము 250 వాట్లు. సందులగుండ పోవునది మరొక 250.

అన్నియు కూడిన సుమారు 2,200 వాట్లు. అనగా మన యిండ్లలో స్నానాల గదిలో గోడకు బిగించు గీజరు పాటి వేడి, ఆ గడ్డకట్టు చలిలో ఇల్లంతటికి చాలును! 24 కిలోవాట్ల బాయిలరు దీనికి పదిరెట్లు పైమాటే.

ఇది కాగితముమీది మాట కాదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరపు క్రానిష్టైన్ పేటలో నాలుగు వరుస యిండ్లలో 1991లో కుటుంబములు కాపురము పెట్టినవి. స్వీడను దేశపు ఆచార్యుడు బో ఆడమ్సన్, జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కలిసి చేసిన ఆలోచన నుండి పుట్టినవి అవి. అట్టి యిండ్లకు చదరపు మీటరుకు సంవత్సరమునకు 15 యూనిట్ల వేడిని మించరాదని పిమ్మట ప్రమాణ మేర్పడినది. యూనిట్టనగా మన కరెంటు బిల్లులోని యూనిట్టే.

అట్టి యింటికి ఏ సాధనము తగును? కట్టెల పొయ్యి చూచుటకు ముచ్చటయైనది గాని, మిక్కిలి చిన్నదియు నాలుగైదు కిలోవాట్ల వేడి నిచ్చును. అరగంటలో గదిలో చెమట పట్టును, కిటికీ తెరువవలసి వచ్చును. వీధిలో నగరపు వేడినీటి గొట్టమున్నచో, డెన్మార్కులో పెక్కు ఇండ్లు చేయునట్లు దానికే కలుపుకొనుట మేలు. గ్యాసు మాటకు వచ్చినచో, నెదర్లాండ్సులో 2018 జూలై నుండి కొత్త యిండ్లకు గ్యాసు కనెక్షను ఇచ్చుట సాధారణముగా మానివేసిరి. పొదుపు యింటికి గొట్టము వేయించి నెలనెల అద్దె కట్టుట నాకును సబబుగా తోచదు.

మిగిలినవి తిన్నగా కరెంటుతో వేడి చేయు పలకలు, హీట్‌పంపు. రిఫ్రిజిరేటరు వెనుక చేయి పెట్టి చూడుడు, వెచ్చగా తగులును. లోపలి పదార్థముల నుండి లాగిన వేడియది. హీట్‌పంపు చేయు పనియు నదియే; బయటి చలిగాలిలో మిగిలియున్న వేడిని తోడి ఇంటిలోనికి ఎక్కించును. ఈ యుపాయమును కెల్విన్ ప్రభువు 1852లోనే సూచించెను. జూరిక్ నగరమందిరమునకు 1938లో లిమ్మాట్ నదీజలము నుండి వేడి తోడిరి. కరెంటు వేడిని పుట్టించుటకు గాక మోయుటకు మాత్రమే ఖర్చగుట వలన, ఒక యూనిట్టుకు మూడు నాలుగు యూనిట్ల వేడి లభించును. అయితే ఎంత ఎత్తునకు మోయవలెనో అంత శ్రమ. నేలలోని గొట్టములలో 35 డిగ్రీల నీరు పారించిన ఫలము ఎక్కువ. 55 డిగ్రీల నీరు కోరిన ఫలము తగ్గును.

ఇచ్చట నొక విశేషము. ఈ యిల్లు వెచ్చబడుటకు ఏడాదికి సుమారు 2,000 యూనిట్ల వేడి చాలగా, నలుగురి స్నానమునకు రోజుకు 200 లీటర్ల నీటిని 10 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు ఏడాదికి 3,000 యూనిట్లు కావలెను. చలికన్న స్నానమునకే ఖర్చెక్కువ! మన తెలుగువారు రెండు పూటల తలార నీళ్లు పోసుకొనువారైనచో చెప్పనే యక్కరలేదు. కావున సాధనమును ఎన్నుకొనునప్పుడు వేడినీటి తొట్టిని గూర్చి ముందు అడుగవలెను. తిన్నగా కరెంటుతోనే నడిపినచో మొత్తము 5,000 యూనిట్లు. హీట్‌పంపుతో, నీటికి దాని ఫలము తక్కువయని పట్టుకొన్నను, ఇంచుమించు 1,800. యూనిట్టు 30 సెంట్లనుకొన్నచో ఏటికి రమారమి 1,000 యూరోల తేడా. పలకలు కొనునప్పుడు చవుక, కాని ఆ చవుక క్రమముగా తీరిపోవును. నూరు మీటర్ల బోరు మాత్రము ఈ చిన్న యింటికి ఆడంబరమే. దాని ఖర్చు, ఇంత కొద్ది వేడి వలన మిగులు సొమ్ముతో, చాల యేండ్లకు గాని రాదు.

నేను మేనల్లునికి చెప్పినది గాలి నుండి వేడి తోడు చిన్న హీట్‌పంపు. కాని “చిన్న” యన్న మాటను పట్టుకొని విడువకుమంటిని. వర్తకులు పెద్దదానినే చూపుదురు. అది చేటెడు వడ్లకు మిల్లు ఆడించినట్లు అయిదు నిముషములు తిరిగి ఆగును, మరల తిరుగును. కంప్రెసరు త్వరగా అరిగిపోవును. గరిష్ఠశక్తి కన్న ముఖ్యముగా, అది ఎంత తక్కువ శక్తితో ఆగక నడువగలదో అడుగవలెను. మరియు నేల వెచ్చగా కాలికి తగులునని ఆశపడరాదు. అట్టి యింటిలో నేల గదికన్న రెండు డిగ్రీలు మాత్రమే అధికముగా నుండును. అది చెడిపోయినదని మెకానిక్కును పిలిచినవారు కలరు!

లెక్క నిజమగుట పనివాని చేతిలో నున్నది. గోడల పని ముగియగానే ద్వారమునకు పంకా బిగించి, 50 పాస్కళ్ల పీడనమున ఇంటి గాలి గంటకు ఎన్నిమారులు సందులగుండ మారునో కొలుతురు. డార్మ్‌స్టాట్ ప్రమాణము 0.6. లోపలి తుదిపనులు ముగియకముందే ఈ పరీక్ష చేయించుమని, యంత్రమునకు బయానా ఆ పిమ్మటనే యిమ్మని వానికి చెప్పితిని. మొదటిమారు 1.1 వచ్చినదట. కిటికీ చట్రముల చుట్టును మరల పట్టీలు వేయించుచున్నాడు.